మామయ్య సరే అన్న రోజు

మా మామయ్య దగ్గర ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పని నిట్టూర్చడం.

మాది పాత సామాను దుకాణం. బీరువాలు, బల్లలు, మంచాలు, అద్దం పగిలిన అలమరలు, ఒక చెయ్యి లేని కుర్చీలు. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే మేమిద్దరం వెళ్తాం. మామయ్య బేరం చేస్తాడు. నేను ఆయన వెనక రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడతాను. బేరం ఎక్కడో ఒకచోట బిగుసుకుంటుంది. అప్పుడు మామయ్య ఎడమ చెవి గోక్కుంటాడు. అది నాకు సైగ. నేను గట్టిగా నిట్టూర్చి, "వదిలేయండి మామయ్యా, వెళ్దాం పదండి" అంటాను. ఆయన లేస్తాడు. గుమ్మం దాటేలోపు అవతలివాళ్లు వెనక్కి పిలుస్తారు.

ఇది తప్ప బేరం నడుస్తున్నంతసేపూ నేను నోరు మెదపకూడదు. కొత్తలో ఒకసారి "ఈ బల్ల బాగానే ఉంది మామయ్యా" అన్నందుకు ఆయన నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. తొమ్మిదో రోజు భోజనాల దగ్గర "ఉప్పు" అన్నాడు గానీ అది అత్తయ్యతో అన్నానని తర్వాత ఖాయం చేశాడు.

మామయ్య జీవితంలో మొదటి మాటకి ఒప్పుకున్న సందర్భాలు ఎన్ని అని లెక్క తీస్తే సున్నా. పెళ్లి ముహూర్తం ఉదయం ఎనిమిదికి అంటే తొమ్మిదిన్నరకి జరిపించాడు. పళ్ల డాక్టరు రెండు పళ్లు పీకాలంటే ఒకటిన్నరకి తెగ్గొట్టాడు. ఆ మిగిలిన సగం పన్ను ఇప్పటికీ నవ్వితే కనిపిస్తుంది. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నర్సు వచ్చి "మూడు కిలోలు" అంటే, "మూడున్నర చేయండి, మొదటి మనవరాలు" అన్నాడు. జీవితంలో ఆయన పైకి బేరమాడింది అదొక్కసారే.

అలాంటి మనిషికి ఒక మంగళవారం పొద్దున దుకాణంలో చలి పుట్టింది.

మొదట కనిపెట్టింది నేను కాదు, అద్దాల అలమర. మామయ్య దానికి ఆనుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి అందులో గాజు పలకలన్నీ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టాయి. వీధిలో లారీ పోతోందనుకున్నాను. లారీ లేదు. మామయ్యే వణుకుతున్నాడు. మేడమీద నుంచి అత్తయ్య దిగివచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, పెద్దాసుపత్రికి వెళ్దాం అంది. మామయ్య సందు చివరి డాక్టరు చాలన్నాడు. అత్తయ్య దుకాణం షట్టరు దించి తాళం వేసింది. ఆవిడతో బేరం కుదరకపోవడానికి కారణం, ఆవిడ రెండో మాట అనదు.

అద్దె కారులో నేను ముందు సీట్లో, వాళ్లిద్దరూ వెనక. దారంతా రద్దీ. ముప్పావుగంట పట్టింది. అద్దంలోంచి చూస్తుంటే అత్తయ్య కిటికీ వైపు తిరిగి ఉన్న సమయం చూసి మామయ్య చొక్కా జేబులోంచి రెండు జ్వరం బిళ్లలు తీసి నీళ్లు లేకుండా మింగాడు. నా కళ్లు చూసి చిన్నగా నవ్వాడు. దిగేటప్పుడు చెవిలో అన్నాడు: "సరుకు చూపించే ముందు పాలిష్ పెట్టాలి కదా అల్లుడూ."

అప్పటికే బేరం మొదలైపోయిందని నాకు అర్థమైంది.

అత్యవసర విభాగం అంటే ఒక పొడవాటి హాలు. ఒక పక్క ఒకదానికొకటి బిగించిన ఇనప కుర్చీలు, రెండో పక్క ఆకుపచ్చ తెరలు కట్టిన మంచాలు. మామయ్య కుర్చీలో కూర్చోబోయే ముందు వంగి దాని అడుగు చూశాడు. అలవాటు. బల్ల కొనేవాడు పైభాగం చూడడు. అమ్మేవాడు తుడిచేది దాన్నే కాబట్టి. మరలు మూడే ఉన్నాయి, నాలుగోది ఊడిపోయింది అని నాకు చెప్పి, ఆసుపత్రి మీద మొదటి పాయింటు తనే కొట్టినట్టు సంతృప్తిగా కూర్చున్నాడు.

ఒక నర్సు వచ్చి లోపలి మంచం మీద పడుకోబెట్టింది. చురుకైన మనిషి. నాడి, రక్తపోటు, ఊపిరి, ఒంటి వేడి ఒక్కొక్కటీ చూసి, ఒక్కొక్క దానికీ ఒక అంకె వేసి, కింద కూడాలి. ఆ మొత్తం ఎక్కువైతే మనిషి ప్రమాదంలో ఉన్నట్టు, తక్కువైతే కాస్త ఆగవచ్చన్నట్టు. ఈ పద్ధతి ఆవిడ అత్తయ్యకి చెబుతుంటే మామయ్య శ్రద్ధగా విన్నాడు. ఈ ఆటలో అంకె తగ్గించినవాడు గెలుస్తాడని ఆయనకి బోధపడిపోయింది.

వేలికి పెట్టిన క్లిప్పు స్ప్రింగు బాగుందని మెచ్చుకున్నాడు. వేడి చూస్తే తొంభై తొమ్మిది పాయింట్ నాలుగు. పాలిష్ పనిచేసింది. నాడి నూట పన్నెండు ఉంది. "ఆస్పత్రి మెట్లు ఎక్కి వచ్చానమ్మా" అన్నాడు. మెట్లు ఉన్నమాట నిజమే, రెండు. తర్వాత ఆవిడ మనిషి తెలివిలో ఉన్నాడో లేదో చూడ్డానికి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఇవాళ ఏ వారమండీ?"

"మీ దగ్గర ఏం రాసుందమ్మా?"

"మంగళవారం."

"అదే."

"ఇప్పుడు మీరెక్కడున్నారు?"

"మీ దగ్గరే ఉన్నాను కదా."

"వయసెంత?"

"మీరే చెప్పండి. ఎంత ఉంటుందనిపిస్తోంది?"

నర్సు ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి అరవై రెండు అంది. మామయ్య ఒక క్షణం ఆలోచించినట్టు నటించి, "అలాగే ఖాయం చేసుకోండి" అన్నాడు. ఆయనకి డెబ్బై ఒకటి. నర్సు నవ్వి, తెలివి అని ఉన్న గడిలో సున్నా వేసింది. మొత్తం మూడు వచ్చింది.

కాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, కళ్లద్దాలు, జేబు నిండా పెన్నులు. ఎన్నాళ్ల నుంచి జ్వరం అని అడిగింది. మామయ్య "పొద్దున్నుంచే" అన్నాడు. అత్తయ్య "వారం నుంచి" అంది. తిండి సంగతి అడిగితే మామయ్య శుభ్రంగా తింటున్నానన్నాడు. అత్తయ్య నాలుగు రోజులుగా పచ్చి మంచినీళ్లు ముట్టలేదంది. వీళ్ల లెక్క నాకు తెలుసు. మామయ్య ఎప్పుడూ సగం చెబుతాడు, అవతలివాడు రెట్టింపు చేసుకుంటాడని. అత్తయ్య ఎప్పుడూ రెట్టింపు చెబుతుంది, అవతలివాడు సగం చేస్తాడని. పాపం డాక్టరమ్మ ఈ వ్యాపారంలో లేదు. ఇద్దరి మాటలూ విని మధ్యలో ఏదో రాసుకుంది.

అత్తయ్య ఒక గట్టి ఇంజెక్షన్ ఇచ్చేయమంది. డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. జ్వరాలన్నీ ఒక రకం కావు, వైరస్ వల్ల వచ్చిందానికి ఆ గట్టి ఇంజెక్షన్ దండగ, ఊరికే వాడితే నిజంగా అవసరమైన రోజున అది పనిచేయకుండా పోతుంది. అందుకని ముందు పరీక్షలు చేద్దాం. ముక్కులో పుల్లతో ఒకటి, మూత్రం ఒకటి, ఛాతీ ఎక్స్‌రే, రక్తం. రక్తంలోనే ఒకటి ఉంది, ఒళ్లు లోపల ఎంత కష్టపడుతోందో చెబుతుంది, అది త్వరగా వస్తుంది. రక్తంలో మిగతావాటికి రెండు గంటలు.

"నాలుగు," అన్నాడు మామయ్య.

"అవును, నాలుగు."

"రెండు చేయండి."

డాక్టరమ్మకి ఇలాంటివాళ్లు కొత్త అనుకుంటాను. ఏవి రెండు వద్దో చెప్పమని అడిగింది. అలా అడగడం పెద్ద పొరపాటు. మామయ్య ఒక్కో పరీక్ష గురించీ విడివిడిగా బేరానికి కూర్చున్నాడు. ఎక్స్‌రేకి ఒప్పుకుంటే ముక్కులో పుల్ల తీసేయాలన్నాడు. పుల్ల తప్పదంటే ఒక ముక్కులోనే అన్నాడు. మూత్రం డబ్బా సగం గీత వరకే అన్నాడు. ఇచ్చాక చూస్తే గీతకి ఒక చుక్క ఎక్కువ లేదు, ఒక చుక్క తక్కువ లేదు. ఆ వణుకులో అంత కచ్చితంగా ఎలా ఆపగలిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగబట్టమంటే, ఎంతసేపు అని అడిగి, అందులో సగంసేపు బిగబట్టాడు. మళ్లీ తీయాల్సి వచ్చింది.

రక్తం తీసి పంపించాక డాక్టరమ్మ ఫలితాలు వచ్చేదాకా కదలకండి అంది. ముక్కు పరీక్ష అప్పటికే వచ్చేసింది, అందులో ఏమీ లేదు. మూత్రం పుల్ల ముంచి చూశారు, ఏమీ లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రం. పొట్ట నొక్కి చూసింది, మెత్తగా ఉంది. అన్నీ బాగున్నాయని అనుకోవాలా, ఎక్కడుందో దొరకడం లేదని అనుకోవాలా అన్నట్టు పెన్ను నోట్లో పెట్టుకుని నిలబడింది.

మామయ్య అదను చూసుకుని, "అన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా, ఇక వెళ్తాం" అంటూ ఎడమ చెవి గోక్కున్నాడు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ఇరవై రెండేళ్ల అలవాటు. ఆ చెయ్యి చెవి దాకా పోతే నా ఊపిరితిత్తులు వాటంతట అవే పనిచేస్తాయి. గట్టిగా నిట్టూర్చి, "వదిలేయండి మామయ్యా, వెళ్దాం పదండి" అన్నాను.

మామయ్య లేచి కూర్చున్నాడు. అత్తయ్య నా వైపు చూసిన చూపుకి పక్క మంచం మీద ఉన్న రోగి కూడా దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. నర్సు అడ్డం వచ్చింది. డాక్టరమ్మ ఒక కాగితం తెప్పించింది, మా ఇష్టంతో మేమే వెళ్తున్నామని సంతకం చేసే కాగితం. మామయ్య మంచం అంచున కూర్చుని ఆమె వెనక్కి పిలవడం కోసం ఎదురు చూస్తున్నాడు. ఆయన లెక్క ప్రకారం ఇంకో రెండు క్షణాల్లో ఆమె దిగి రావాలి.

నిజంగానే వచ్చింది. కాగితం బల్ల మీద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని, మెత్తగా అంది: "పెద్దాయనా, నాకెందుకో మనసు ఒప్పుకోవడం లేదు. మీరు మూడు రోజులు ఇక్కడే ఉండాలి."

మామయ్య ఆమె వైపు చూశాడు. నేను నా మనసులో లెక్క వేసుకున్నాను. మూడు రోజులంటే ఈయన మూడు గంటలంటాడు. ఆమె రెండు రోజులంటుంది. చెవి గోక్కుంటాడు. ఈసారి నేను ఊపిరి బిగబట్టుకోవాలి.

"సరే," అన్నాడు మామయ్య.

ఎవరూ ఏమీ గమనించలేదు. డాక్టరమ్మ సంతోషించింది. నర్సు దిండు సర్దింది. అత్తయ్య "అమ్మయ్య" అంది. మామయ్య బుద్ధిగా వెనక్కి వాలాడు.

దగ్గరికి వెళ్లి వంగి, మెల్లగా అన్నాను: "మామయ్యా, మూడు కాదట, ఆరు రోజులట."

"సరే."

"ఆ కుర్చీ ఉంది చూశారూ, మూడు మరలది. దాన్ని మన రోజ్‌వుడ్ బీరువాకి మార్పిడి అడుగుతున్నారు."

ఆ బీరువా ఆయన తన గదిలో పెట్టుకున్నాడు. సొంత కూతురు, అంటే మా ఆవిడ, అడిగితే ఇవ్వలేదు.

"ఇచ్చేయ్," అన్నాడు మామయ్య, కళ్లు మూసుకుని.

ఇరవై రెండేళ్లుగా బేరం మధ్యలో మూసుకున్న నోరు నాది. ఇప్పుడు తెరిస్తే, రేపు ఆయన బాగై లేచాక పదకొండు రోజులు కాదు, పదకొండేళ్లు మాట్లాడడు. తెరవకపోతే, మాట్లాడడానికి ఆయన ఉంటాడో లేదో. రెండు పళ్లేలూ చూసుకున్నాను. తూకం ఎటు మొగ్గిందో వేరే చెప్పక్కర్లేదు.

డాక్టరమ్మ తెర దాటి వెళ్లిపోతోంది. వెనకే పరుగెత్తాను.

"డాక్టరు గారూ, మా మామయ్య తెలివిలో లేడు."

"అదేంటి, ఇప్పుడే కదా చక్కగా సరే అన్నారు."

"అందుకే చెబుతున్నాను. ఆయన సరే అనడు."

ఆవిడ నా ముఖం వంక చూసింది. ఇక నేను ఆగలేదు. కారులో మింగిన రెండు బిళ్లలూ చెప్పాను. వయసు డెబ్బై ఒకటని చెప్పాను. మంగళవారం అని చెప్పింది నర్సే గానీ ఆయన కాదని చెప్పాను. పాలిష్ గురించి, బీరువా గురించి, సగం పన్ను గురించి కూడా చెప్పాను. పన్ను సంగతి అవసరం లేదని మధ్యలో అనిపించింది గానీ సామానంతా దింపేటప్పుడు ఒక్కటి లారీలో ఉంచుకోవడం బాగుండదు.

ఇంకొకరైతే నవ్వి పంపించేవారు. ఆవిడ నవ్వలేదు. ఇది కొత్తగా వచ్చిన మార్పా అని ఒక్కటే అడిగింది. "పుట్టాక ఇదే మొదటిసారి" అన్నాను. అంతే, వెనక్కి తిరిగింది. మనిషి ఎప్పుడూ ఉన్నట్టు లేకపోవడం కూడా మాకు ఒక పరీక్ష ఫలితమే, అది ఏ యంత్రంలోంచీ రాదు, ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది, అని నడుస్తూనే చెప్పింది.

నర్సు మళ్లీ అన్నీ చూసింది. పాలిష్ దిగిపోయింది: వేడి నూట మూడు. రక్తపోటు ఇందాకటికంటే బాగా కిందికి జారింది. ఊపిరి వేగం పెరిగింది. తెలివి గడిలో సున్నా కొట్టేసి కొత్త అంకె వేసింది. కూడితే ఇందాకటి మూడు కాస్తా పదకొండు అయింది. అదే సమయానికి లోపలి కష్టం చెప్పే ఆ రక్తపరీక్ష ఫలితం ఫోనులో వచ్చింది. ఉండాల్సిన దానికి రెట్టింపు పైన ఉందట. ఇప్పుడు అందరూ పరుగులు పెట్టారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. చూపు మాత్రం ఇంకా క్షమించలేదు.

మందు ఎక్కించే ముందే ఇంకోసారి రక్తం తీయాలంది డాక్టరమ్మ, ఏ క్రిమో పెంచి చూడ్డానికి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చట. రెండు చేతుల నుంచీ తీశారు. ఒకే మనిషి కదా, రెండు వైపులా ఎందుకని అత్తయ్య అడిగింది. ఒక చేతి చర్మం మీద ఉన్న క్రిమి పొరపాటున సీసాలో పడితే రక్తంలోదే అనుకుంటాం, రెండింట్లోనూ అదే వస్తే నమ్ముతాం అంది. నాకు వెంటనే ఎక్కింది. కుర్చీకి ఒక చెయ్యి కదిలితే మర వదులని, రెండు చేతులూ కదిలితే చెక్కే పుచ్చిందని కదా మేం తేల్చేది. ఆవిడ మీద గౌరవం పెరిగింది.

గట్టి మందు ఎక్కడం మొదలైంది. కానీ ఈ క్రిమి ఏ దారిన వచ్చిందో తెలియలేదు. అది తెలిస్తే ఏ మందు ఉంచాలో, ఏది కోసి శుభ్రం చేయాలో తెలుస్తుందట. నర్సు వీపు తిప్పి చూసింది, చంకలు చూసింది, నోరు తెరిపించి చూసింది. సగం పన్ను దగ్గర కాసేపు ఆగింది. అదీ కాదు.

నేను రెండడుగుల వెనక, నా చోట, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు మా పని తప్ప ఇంకేం తెలుసు? ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు మామయ్య నాకు నేర్పింది ఒకటే. బీరువా ఏ పక్కని గోడకి ఆనించి పెట్టారో ముందు ఆ పక్క చూడు. చెద అక్కడే ఉంటుంది. కాబట్టి ఆయన పొద్దున్నుంచి ఏ పక్కని గోడకి పెట్టాడా అని ఆలోచించాను. మంచం మీద పడుకోబెట్టిన దగ్గర్నుంచీ కుడి కాలు పైన, ఎడమ కాలు కింద. వీపు తిప్పినప్పుడు కూడా ఎడమ కాలు దుప్పటిలోంచి బయటికి రాలేదు. తెలివి తప్పినా ఆ కాలు మాత్రం కాపలా కాస్తోంది.

"డాక్టరు గారూ, ఎడమ కాలి సాక్సు విప్పించండి."

ఆ మాట వినగానే మామయ్య కళ్లు తెరిచాడు. "అది అమ్మకానికి లేదు," అన్నాడు స్పష్టంగా. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

అత్తయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు రోజులుగా నిద్రలో కూడా మేజోళ్లు తీయడం లేదట. చలిగా ఉందన్నాడట. నర్సు జాగ్రత్తగా కత్తిరించింది. మడమ మీద రూపాయి బిళ్లంత పుండు, దాని చుట్టూ మోకాలి కింది దాకా ఎర్రగా, మెరుస్తూ, నిగనిగలాడుతున్న వాపు. పక్కనే నేల మీద ఆయన కొత్త బూట్లు ఉన్నాయి. నల్లవి. ఏడో నంబరు. మామయ్య కాలు ఎనిమిది.

ఆ బూట్ల కథ మా వీధిలో అందరికీ తెలుసు. మూలమీద బూట్ల దుకాణం నడిపే ముసలాయన మామయ్యకి చిన్ననాటి స్నేహితుడు. అరవై ఏళ్లుగా ఒకరినొకరు ముంచుకోవడమే వాళ్ల స్నేహం. పోయిన వారం మామయ్య అతనికి ఒక గోడ గడియారం ఇచ్చి ఈ బూట్లు మార్పిడి తెచ్చుకున్నాడు. గడియారం రోజుకి రెండుసార్లు మాత్రమే సరైన సమయం చూపిస్తుంది, అది కదలదు కాబట్టి. ఆ సంగతి దాచి గెలిచానని మామయ్య మురిసిపోయాడు. బూట్లు ఒక నంబరు చిన్నవని ఇంటికొచ్చాక తెలిసింది. విప్పితే ఓడిపోయినట్టు. కుంటితే ముసలాయన చూస్తాడు. అందుకని వారం రోజులు ఆ దుకాణం ముందు నుంచి రోజుకి నాలుగుసార్లు హుందాగా నడిచాడు.

"బూటు కోసమా?" అంది డాక్టరమ్మ. ఆవిడ చూసిన రోగాల్లో ఇది ఏ గడిలో రాయాలో తెలియనట్టుంది.

"బూటు కోసం కాదమ్మా," అంది అత్తయ్య నీరసంగా. "గడియారం కోసం."

ఆ రోజూ, మర్నాడూ మామయ్య అన్నిటికీ సరే అంటూనే ఉన్నాడు. సూది అంటే సరే. జావ అంటే సరే. చప్పిడి జావ అంటే కూడా సరే. ప్రతి సరేకీ అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకునేది. నర్సులకి అర్థమయ్యేది కాదు, ఇంత మంచి రోగి మాకెప్పుడూ దొరకలేదమ్మా అనేవారు. బూట్ల ముసలాయన చూడ్డానికి వచ్చి మంచం పక్కన కూర్చుని, "ఏరా, గడియారం బ్రహ్మాండంగా నడుస్తోంది" అన్నాడు. మామయ్య ఏ జవాబూ ఇవ్వకపోయేసరికి అతని ముఖం పాలిపోయింది. "నడవడం లేదురా, అబద్ధం చెప్పాను" అని తనంతట తనే ఒప్పేసుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ ఫలితం పట్టుకుని వచ్చింది. రెండు చేతుల సీసాల్లోనూ ఒకే క్రిమి పెరిగింది, చర్మం పుండ్లలో ఉండే రకమే. ఇప్పుడు శత్రువెవరో తెలిసింది కాబట్టి ఆ గట్టి మందు ఆపి, దానికి మాత్రమే పనిచేసే చిన్న మందు పెడతానంది. వేడి దిగింది, ఎరుపు వెనక్కి పోతోంది. తర్వాత మంచం దగ్గరికి వచ్చి, నా వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"పెద్దాయనా, మీరింకా ఐదు రోజులుండాలి."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్య పైకప్పు వైపు చూశాడు. మంచం ఊచ మీద చెయ్యి వేసి ఒకసారి ఊపి చూశాడు. వదులుగా ఉంది.

"ఐదా?" అన్నాడు. "ఒకటి."

అత్తయ్య బావురుమంది. డాక్టరమ్మ పెదవి కొరుక్కుని నాలుగంది. మామయ్య ఒకటిన్నరన్నాడు. ఆవిడ నాలుగు దగ్గరే నిలబడింది. మామయ్య చెయ్యి నెమ్మదిగా లేచి, సూది గుచ్చిన చెయ్యి కాబట్టి కాస్త తడబడి, ఎడమ చెవి దాకా వెళ్లింది. నేను నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ నిట్టూర్చలేదు. కళ్లు మసకబారాయి. "వదిలేయండి మామయ్యా, వెళ్దాం పదండి" అన్నాను.

మూడుకి కుదిరింది. బయటికి వచ్చాక కాగితం చూపించింది డాక్టరమ్మ. మొదటి నుంచీ మూడనే రాసి ఉంది. పై వరుసలో, తెలివి అని ఉన్న గడి పక్కన, "బేరమాడుతున్నారు" అని కూడా రాసింది.

నేను నోరు విప్పిన సంగతి మామయ్యకి అత్తయ్య చెప్పేసింది. ఇక పదకొండేళ్ల మౌనానికి సిద్ధపడి, ఇంటికి వెళ్లే రోజున తల దించుకుని సంచులు సర్దుతున్నాను. మామయ్య కట్టు కట్టిన కాలు చాపుకుని కాసేపు నన్ను చూశాడు.

"ఏ పక్క గోడకి పెట్టానో చూశావట."

"చూశాను."

"ఎవరు నేర్పారు?"

"మీరే."

"అదీ." ఆ ఒక్క మాటతో నేరం సగం నాది, ఘనత మొత్తం ఆయనది అయిపోయింది. ఇంతకంటే మంచి ఒప్పందం నాకు రాదని తెలుసు. తర్వాత మంచం కింద నుంచి ఆ నల్ల బూట్లు చేతికర్రతో ముందుకి తోశాడు. "నీ కాలు ఏడే కదూ. కొత్తవి. వారమే నడిచాను. బదులుగా ఇంటికెళ్లాక నా వంతు షట్టరు నెల రోజులు నువ్వే ఎత్తాలి, నువ్వే దించాలి. ఏమంటావు?"

ఆయన మళ్లీ ఆయనయ్యాడన్న ఆనందంలో నాకు వెనకాముందూ తోచలేదు.

"సరే మామయ్యా," అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. కొంచెం ముందుకి వంగి, నా నుదుటి మీద చెయ్యి వేశాడు. ఒకసారి వెనకవైపు వేళ్లతో కూడా చూశాడు. అప్పుడు గుమ్మం వైపు తిరిగి నర్సుని పిలిచాడు.

"అమ్మా, మా అల్లుడు మొదటి మాటకే సరే అంటున్నాడు. రెండు చేతుల నుంచీ తీయండి. ముక్కులో పుల్ల మాత్రం ఒక్క వైపే."